మా మీద ఫిర్యాదు ఎవరికివ్వాలి?

మా ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివినవాళ్ళ గ్రూపుల్లో మళ్ళీ అదే గోల. నర్సుల కౌన్సిల్‌కు 1947లోనే చట్టం వచ్చింది, ఫార్మసిస్టులకు 1948లో వచ్చింది, లాయర్లకు 1961 నాటి అడ్వొకేట్స్ యాక్ట్ ఉంది, మరి మన సోషల్ వర్కర్లకేముంది అని. మనకూ ఒక కౌన్సిల్, రిజిస్ట్రేషన్ వస్తే విలువ పెరుగుతుందట, జీతాలు పెరుగుతాయట. రిజిస్ట్రేషన్ కావాలనే నేనూ అంటాను. కానీ వీళ్ళు చెప్పే కారణాలు వింటుంటే ఒళ్ళు మండుతోంది. మన విలువ కోసమే అయితే ఆ కౌన్సిల్ రాకపోయినా కొంపలేం మునగవు. మన వల్ల నష్టపోయిన మనిషి వెళ్ళి నిలదీయడానికి ఒక చోటుండాలి. నా బాధంతా అదే.

తిరుపతిలో పనిచేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంట్లో అలిగి రైలెక్కిన పిల్లలు, కొండ చూద్దామని ఒంటరిగా బయల్దేరిన పిల్లలు, ఎవరో తీసుకొచ్చి వదిలేసిన పిల్లలు మన స్టేషన్లో దిగుతూనే ఉంటారు. ఆమధ్య ఒక అమ్మాయి అలాగే దొరికింది. బాలల సంక్షేమ కమిటీ ముందుకు ఆ పిల్ల రాకముందే ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. చుట్టూ మెడలో ఐడీ కార్డులతో సంఘసేవకులు, మధ్యలో పిల్ల. మొహం బ్లర్ చేశారు, సంతోషం. నడుముకున్న బెల్టు బకిల్ మీద స్కూలు పేరు మాత్రం శుభ్రంగా చదువుకునేలా ఉంది. వాళ్ళ ఊరివాళ్ళకు ఇంకేం కావాలి?

ఇదేంటని అడిగితే ఒకాయన, "ఏం మేడమ్, పిల్లని కాపాడినాం గదా, దాంట్లో తప్పేముండాది?" అన్నాడు. పొగరుతో అన్నమాట కాదది, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల్ని గుర్తుపట్టేలా వివరాలు బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కేసు పెట్టొచ్చు కదా అంటారు. ఎవరు పెడతారు? పిల్ల దొరికింది చాలు దేవుడా అని దండం పెట్టుకుని వెళ్ళిపోయే తల్లిదండ్రులు పెడతారా? పెట్టారే అనుకుందాం. కేసు నడుస్తుండగానే ఆయన మళ్ళీ అదే ప్లాట్‌ఫారం మీద ఇంకో పిల్లను కాపాడతాడు. తప్పు చేసిన నర్సు పేరు రిజిస్టర్లోంచి కొట్టేయొచ్చు, లాయర్ని ప్రాక్టీసు చేయకుండా ఆపొచ్చు. ఈయన్ని ఎందులోంచి తీసేస్తాం? అసలు ఎందులోనైనా ఉంటే కదా.

సంస్థకు రిజిస్ట్రేషన్ ఉంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సంతకాలు పెడితే సొసైటీ తయారు. గృహహింస చట్టంలోనూ అంతే, బాధితులకు సాయం చేసే సర్వీస్ ప్రొవైడర్‌గా నమోదయ్యేది సంస్థే. లోపల కుర్చీలో కూర్చుని కౌన్సెలింగ్ చేసేది ఎవరో, ఏం చదివారో, ఇదివరకు ఏం వెలగబెట్టారో రాసిపెట్టే పుస్తకం ఎక్కడా లేదు. నేను చూసిన ఒకచోట, మొగుడు కొట్టిన దెబ్బల గురించి లోపల ఆమె చెప్పుకుంటుంటే బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారికి అన్నీ వినపడుతున్నాయి. చివరికి ఇచ్చిన సలహా ఏంటంటే, "సర్దుకుపో తల్లీ, పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు" అని. దీన్ని కౌన్సెలింగ్ అని రికార్డులో రాసుకున్నారు.

చట్టాలు అసలు లేవని కాదు, ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం జాబితాలో మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఉన్నారు. అంటే మా తిరుపతిలో రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో రోగి కుటుంబంతో మాట్లాడే సోషల్ వర్కర్ పని ఆ చట్టం పరిధిలోకి వస్తుంది. అదే మనిషి రేపు ఉద్యోగం మారి బాలల సంరక్షణ విభాగంలో చేరితే ఆ చట్టానికి సంబంధం లేదు. ఇక మానసిక ఆరోగ్య చట్టం 2017 సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌కు పీజీ మీద రెండేళ్ళ ఎంఫిల్ అడుగుతుంది. ఆ ఎంఫిల్‌నేమో యూజీసీ ఎత్తేసి, ఈ కోర్సుకు 2025-26 దాకా గడువిచ్చింది. ఒక చేత్తో అడగడం, ఇంకో చేత్తో లాక్కోవడం!

అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది జువైనల్ జస్టిస్ బోర్డు, అంటే నేరారోపణ వచ్చిన పిల్లల కేసులు చూసే బోర్డు. మేజిస్ట్రేట్ పక్కన ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చోవాలి. వాళ్ళకు పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమం పనుల్లో ఏడేళ్ళ అనుభవం ఉండాలి, లేదా చైల్డ్ సైకాలజీ, సైకియాట్రీ, సోషియాలజీ, లా వీటిలో ఒక డిగ్రీతో ప్రాక్టీసు చేస్తుండాలి. సోషల్ వర్కర్ సీటుకు అడిగే డిగ్రీల్లో సోషల్ వర్క్ లేదు!

అలాగని ఎమ్మెస్‌డబ్ల్యూ పట్టా లేనివాళ్ళందర్నీ గెంటేయమని మా గ్రూపులో కొందరు అంటున్నారు చూడండి, దానికి నేను పూర్తిగా వ్యతిరేకం. హెచ్‌ఐవీ ప్రాజెక్టుల్లో పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తమలాంటివాళ్ళకే అవగాహన కల్పించేవాళ్ళుగా చేసిన అక్కలతో పనిచేశాను. పదో తరగతి కూడా దాటని ఒక అక్క, మాత్రలు మానేసిన మనిషి ఇంటికి వెళ్తే ఆ వీధిలో ఎవరికీ అనుమానం రాకుండా చీటీ డబ్బుల కోసం వచ్చినట్టు మాట్లాడేది. గోప్యత గురించి క్లాసులో నేను విన్నదంతా ఆ ఒక్క నాటకం ముందు దిగదుడుపే. ఇంకోవైపు ఫీల్డ్ వర్క్ రికార్డు సీనియర్ దగ్గర తీసుకుని మక్కీకి మక్కీ ఎక్కించి పాసైనవాళ్ళనూ ఎరుగుదును. అక్కను బయట నిలబెట్టి వీళ్ళకు నంబరు ఇచ్చే కౌన్సిలైతే నాకొద్దు. అనుభవాన్ని పరీక్షించి చేర్చుకునే దారి ఒకటి మొదట్లోనే ఉండాలి.

బయట దేశాల్లో ఇదేం కొత్త కాదు. ఫిలిప్పీన్స్ 1965లోనే సోషల్ వర్కర్లకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇచ్చే చట్టం చేసింది. ఇంగ్లాండులో 2019 నుంచి సోషల్ వర్క్ ఇంగ్లాండ్ అనే సంస్థ చూసుకుంటోంది. అక్కడ ఎవరైనా ఆన్‌లైన్లో పేరు కొట్టి ఫలానా మనిషి రిజిస్టర్లో ఉన్నాడో లేడో చూసుకోవచ్చు, వేటు పడితే ఆ సంగతీ తెలుస్తుంది. నేను అడిగేది ఈ భాగమే. మన దగ్గర మొదట వచ్చేది ఫీజు, తర్వాత రెన్యువల్ ఫీజు, ఫిర్యాదుల విభాగం మాత్రం "త్వరలో" అని నా భయం.

ఈ ఏడాది మహిళా వర్సిటీ నుంచో ఎస్వీయూ నుంచో బయటికొచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక్క మాట. ఆసుపత్రి ఉద్యోగం చూసుకుంటుంటే 2021 చట్టం నిబంధనలు చదవండి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అయితే రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో, పునరావాసం కోర్సు చేస్తే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్టర్లో నమోదు చూసుకోండి. ఇవి కాకుండా ఎవరైనా ఫోన్ చేసి "నేషనల్ సోషల్ వర్కర్ రిజిస్ట్రేషన్ కార్డు" ఇప్పిస్తాం, ఇంత కట్టండి అంటే, ఏ చట్టం కింద ఇస్తున్నారో అడగండి. సోషల్ వర్కర్లందరికీ వర్తించే అలాంటి చట్టం దేశంలో ఇంకా రాలేదు. డబ్బులు మాత్రం కట్టకండి.