సవరణ: సీరమ్ ఫోలేట్ అంకె ఎంతవరకు చెబుతుంది

రక్తపరీక్షలపై గత టపాలో ‘సీరమ్ ఫోలేట్ (రక్తపు ద్రవభాగంలో ఉండే బి9 విటమిన్) మామూలుగా ఉంటే లోపం లేనట్టే’ అన్న వాక్యాన్ని సవరించి చదువుకోవలసిందిగా మనవి.

సీరమ్ ఫోలేట్ ఇటీవల తిన్నదానిని బట్టి మారుతుంది. పరీక్షకు ముందు కొద్ది రోజులు పాలకూర పప్పు తిన్నా, ఫోలేట్‌కు మాత్ర రూపమైన ఫోలిక్ యాసిడ్ వేసుకున్నా అంకె పెరగవచ్చు. నమూనాలో ఎర్రకణాలు చిట్లినా అంతే. ఎర్రకణాలు మాత్రం ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే ఫోలేట్‌ను నింపుకొని, సుమారు 120 రోజుల తమ జీవితకాలమంతా నిలుపుకుంటాయి కనుక, వాటిలోని ఫోలేట్ గడచిన కొన్ని నెలల నిల్వను చూపుతుంది. రక్తహీనత దృష్ట్యా ప్రపంచ ఆరోగ్య సంస్థ లోపంగా పరిగణించేది సీరమ్‌లో మిల్లీలీటరుకు 3 నానోగ్రాముల కన్నా, ఎర్రకణాల్లో 100 కన్నా తక్కువైతే. గర్భధారణ వయసు స్త్రీలకు, బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా, ఎర్రకణాల్లో 400 పైన ఉండాలంటుంది.

అసలు చిక్కు మరో విటమిన్ బి12తో వస్తుంది. అది లోపించినప్పుడు ఎర్రకణాల్లో ఫోలేట్ తగ్గినా సీరమ్‌లో మామూలుగానో ఎక్కువగానో కనిపించవచ్చు. అప్పుడు ఒక్క ఫోలిక్ యాసిడే వాడితే రక్తహీనత తగ్గినట్టుండి, నరాల దెబ్బ లోలోపల ముదురుతుంది. అందుకే మాత్ర మొదలుపెట్టేముందు బి12 కూడా చూపించుకోవాలి.