నూటికి నూరు ‘ఆయ్’

రొయ్యల కంపెనీల్లో, రైసు మిల్లుల్లో ఆరోగ్య పరీక్షలు అయ్యాక ఆ ఫలితాలు కార్మికులకు ఎలా చెప్పారో, చెప్పింది వాళ్లకి ఏమాత్రం ఎక్కిందో కనుక్కోవాలని పెద్దలకు బుద్ధి పుట్టింది. పుట్టనివ్వండి. గోదావరి జిల్లాల్లో ఇంతకన్నా సులువైన పని లేదు. భీమవరం, ఆకివీడు, నరసాపురం చుట్టుపక్కల ఏ పీలింగ్ హాల్లోనైనా ఒకావిడని ఆపి “అర్థమైందా అమ్మా?” అనండి. “ఆయ్.” “డాక్టరు గారు బాగా చెప్పారా?” “ఆయ్.” “ఇబ్బందేం లేదుగా?” “ఆయ్.” ఆ మాటకి చాలాసార్లు “వింటున్నానండీ, తొందరగా కానివ్వండి” అని తప్ప వేరే అర్థం లేదని ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లందరికీ తెలుసు. ఫారంలో మాత్రం ‘అవును’ గడిలో టిక్కు పడుతుంది. మన మర్యాదకి గణాంక శాస్త్రంలో ఇంత విలువ ఉందని తాతముత్తాతలు ఊహించి ఉండరు.

ఇక ముహూర్తం. అభిప్రాయం తీసుకోవాల్సింది ఫలితాలు రాకముందే. రక్తం తీసిన రోజునే, దూదిని మోచేతి మడతలో పెట్టుకుని వరసలో నిలబడ్డప్పుడే వేలిముద్ర కూడా వేయించుకుంటే ఒకే ఖర్చుతో రెండు పనులు. రిపోర్టులు వారం తర్వాత వస్తే రావచ్చు. కాగితం చేతికొచ్చాక మనిషి ఆలోచనలో పడతాడు, ఆలోచనలో పడ్డ మనిషి టిక్కు సరిగ్గా పెట్టడు.

ఫారం పట్టుకుని తిరగాల్సింది సూపర్‌వైజరే. రొయ్యలు ఒలిచిన కిలోలు తూకం వేసేదీ, మచ్చ రొయ్య అని పక్కన పెట్టేదీ, రేపు వ్యాన్‌లో ఎవరికి చోటుందో చెప్పేదీ ఆయనే కాబట్టి ఆయన ముందు జనం ఎంతో స్వేచ్ఛగా మాట్లాడతారు. పైగా కిలో లెక్కన కూలి ఉన్నచోట ఫారం దగ్గర నిలబడ్డ ప్రతి నిమిషం ఆమె జేబుకే చిల్లు. అందుకే సమాధానాలు క్లుప్తంగా, ఏకగ్రీవంగా వస్తాయి. ఫారం పైన “పేరు రాయనవసరం లేదు” అని పెద్దక్షరాల్లో ఉండాలి. కుడి మూలన టోకెన్ నంబరు చిన్నక్షరాల్లో ఉంటే చాలు.

భాష విషయంలో రాజీ పడకూడదు. “వృత్తిపరమైన ఆరోగ్య పరిశీలనాంశముల సమాచార ప్రదానము పట్ల మీ సంతృప్తి స్థాయి” అని అచ్చ తెలుగులో అడగాలి. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకీ, బీహార్ నుంచి వచ్చిన మిల్లు హమాలీలకీ ఇదే ఫారం ఇస్తే సమానత్వం కూడా పాటించినట్టే. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో 108వ సెక్షన్ నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండాలంది. ‘అర్థమయ్యే’ అన్న మాట దగ్గర కళ్లు మూసుకుంటే అంతా సవ్యమే.

కొందరు అతిగాళ్లున్నారు. “అర్థమైందా?” అని అడగడం మానేసి, “ఇంటికెళ్లాక మీ ఆయనకి ఈ కాగితంలో ఏముందని చెబుతావమ్మా?” అని అడగమంటారు. ఇంతకన్నా ప్రమాదకరమైన ప్రశ్న లేదు. “బలానికి మాత్రలు రాశారండి” అంటుందామె. కాగితం మీద 0.64 అని ఉంటుంది. గట్టిగా ఊదితే వచ్చిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చినదెంతో చెప్పే నిష్పత్తి అది. 0.7 కన్నా తగ్గితే ఊపిరి గొట్టాలు ఇరుకయ్యాయేమోనని చూడాలి. రొయ్యల్ని ఉడికించే ఆవిరిలోనూ, ప్రెషర్ పైపుతో కడిగినప్పుడు లేచే తుంపరలోనూ రొయ్య మాంసకృత్తులు ఉంటాయి, కొందరికి వాటితోనే పిల్లికూతలు మొదలవుతాయి. సెలవు రోజున ఆయాసం తగ్గుతుందా అని ఒక్క ప్రశ్న వేస్తే సగం సంగతి తేలిపోతుంది. ఊదే చిన్న గొట్టం చేతికిచ్చి, పని రోజులూ సెలవు రోజులూ కలిసేలా రెండు నుంచి నాలుగు వారాలు, రోజుకి నాలుగుసార్లు అంకె రాసుకోమంటే మిగతా సగం తేలుతుంది. తేలితే ఆమె ఉడికించే లైను నుంచి మార్చమంటుంది. పక్కావిడ కూడా మార్చమంటుంది. సంతృప్తి ఇలాగే చెడిపోతుంది.

అదృష్టవశాత్తూ ఆ 0.64 అంకె అంతదాకా రానివ్వని ఏర్పాటు క్యాంపులోనే ఉంది. లోపలి గాలి ఇక రానంతవరకూ ఊదించాలి, సరైన ఊదుళ్లు మూడు రావాలి. సాయంత్రంలోగా కంపెనీ మొత్తాన్ని ఊదించాలంటే రెండు సెకన్లకే “చాలమ్మా, తర్వాత” అనాల్సిందే. అప్పుడు మొత్తం గాలి తక్కువగా లెక్కకొచ్చి నిష్పత్తి పైకి లేస్తుంది. రోగం డాక్టరు చూడకుండానే మాయం. కాగితం మీద ‘ఎన్.ఏ.డి.’ అని మూడక్షరాలు పడతాయి. తేడా ఏమీ కనబడలేదని దానర్థం. వెతికారా లేదా అన్నది అందులో ఉండదు.

రైసు మిల్లు చెవి పరీక్ష ఇంకా ముచ్చటైనది. మోత నుంచి పద్నాలుగు గంటలైనా దూరంగా ఉంచి చెయ్యాల్సిన పరీక్షని మధ్యాహ్నం భోజనాల వేళ, పాలిషర్ పక్క గదిలో చేస్తారు. మోతకి చెవి ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ దగ్గర, కీచు శబ్దాల దగ్గర. అంటే మాట వినబడుతుంది, అందులో స, శ లాంటి అక్షరాలు జారిపోతాయి. అలాంటి మనిషిని ఆ పాలిషర్ పక్కనే నిలబెట్టి “మీ వినికిడి ఫలితం సంతృప్తికరంగా వివరించారా?” అని అడగాలి. ప్రశ్న వినబడలేదు. అయినా ఎదుటివాడు పెద్దమనిషి.

“ఆయ్.”

మానేసిన వాళ్లని అడగొద్దు. చేతివేళ్ల సందులు ఒరిసిపోయి మానేసినావిడా, ఆయాసంతో ఊరికెళ్లిపోయినావిడా రిజిస్టర్లో లేరు కదా. రిజిస్టర్లో ఉన్న ఫోన్ నంబరు కూడా చాలాచోట్ల మేస్త్రిదే. రిపోర్టు వాట్సాప్‌లో ఆయనకి చేరితే అందరికీ చేరినట్టే, ఎవరి రక్తం ఎంతుందో ఊరంతటికీ తెలిసినట్టే. 1987లో ఆ పాత ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు ప్రమాదకర పనుల్లో ఉన్నవాళ్ల ఆరోగ్య రికార్డులు వాళ్లకి అందుబాటులో ఉండాలని 41సి, ఆరోగ్య భద్రతల సమాచారం అడిగి తెలుసుకునే హక్కు ఉందని 111ఎ చేర్చారు. ఈ రెండు నంబర్లూ ఫారంలో ఎక్కడా రాకుండా చూసుకోవాలి.

సాయంత్రం ఊళ్లో, అరుగు మీద, కంపెనీకి సంబంధం లేని మనిషి అయిదారుగురు ఆడవాళ్లని కూర్చోబెట్టి అడిగితే వేరే జవాబులు వస్తాయంటారు. వస్తాయి. అందుకే అరుగుల దగ్గరికి వెళ్లకూడదు.

చివర్న ‘ఇతర సూచనలు’ అని అంగుళం జాగా వదలాలి. అందులో ఎవరైనా “చినిగిన గ్లౌజులు మార్చండి, క్లోరిన్ నీళ్లకి చేతులు మండుతున్నాయి” అని రాస్తే అది స్టోర్స్ సెక్షన్‌కి సంబంధించిన విషయం, ఆరోగ్య అభిప్రాయాల్లో కలపకూడదు. స్టోర్స్ వారికి ఇండెంట్ పెట్టాలంటే సూపర్‌వైజర్ సంతకం కావాలి.

ఆయన ఫారాలు పంచే పనిలో ఉన్నారు.