మళ్లీ కొత్త ప్లేయరా?

ఎన్నిసార్లండీ కొనడం? క్యాసెట్లు కొన్నాం, వీసీడీలు కొన్నాం, డీవీడీలు కొన్నాం. 2006లో బొమ్మ ఇంకా స్పష్టంగా కనబడే కొత్త రకం డిస్కులంటూ తోషిబా వాళ్లు హెచ్‌డీ డీవీడీ అన్నారు, సోనీ వాళ్లు బ్లూ-రే అన్నారు. ఒకదాని డిస్కు ఇంకోదాంట్లో ఆడదు! 2008 ఫిబ్రవరిలో తోషిబా చేతులెత్తేసింది. మరి అప్పటికే ఆ ప్లేయర్ కొన్నవాడి గతేంటి?

సరే, గెలిచిందే కదా అని బ్లూ-రే కొంటే, అమెరికా నుంచి మా బావ తెచ్చిన డిస్కు పెట్టగానే తెర మీద రీజియన్ తప్పని మెసేజ్. ప్రపంచాన్ని రీజియన్లుగా ముక్కలు చేసి, ఏ ముక్క డిస్కు ఆ ముక్క ప్లేయర్లోనే ఆడేలా పెట్టారట. అక్కడ ఏ, మనకి సీ అట. డబ్బిచ్చి కొన్న సినిమా చూడటానికీ వీసా కావాలా? ఇప్పుడేమో బ్లూ-రే కంటే స్పష్టమంటూ 4కే డిస్కులు. వాటికి ఇంకో ప్లేయరట!

పోనీ కొందామన్నా విజయనగరంలో దొరికి చస్తేగా. గంటస్తంభం దగ్గర ఓ షాపులో అడిగితే కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా డిస్కులేటి బాబూ? ఫోన్లో చూసేయండి" అన్నాడు. ఫోన్లోనా! సరిగ్గా క్లైమాక్స్‌లోనే ఆ చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. మొన్న ఉన్న సినిమా ఇవాళ ఉండదు. డిస్కయితే అలమారాలో పడుంటుంది, కరెంటుంటే చాలు. అదీ ఉండదనుకోండి, అది వేరే గొడవ.