బీమా లేని షెడ్డులో బండి దెబ్బతింటే నష్టం ఎవరు భరించాలి?

సర్వీసింగ్‌కు ఇచ్చిన మోటార్‌సైకిల్ షెడ్డులోనే కింద పడి ట్యాంకు సొట్టపోవడం, ట్రయల్‌కు తీసుకెళ్లిన కుర్రాడు దేన్నో గుద్ది హ్యాండిల్ వంకరపోయిన బండిని నెట్టుకుంటూ రావడం, ఆయిల్ మార్చిన నాలుగు రోజులకే ఇంజిన్ పట్టేయడం మన ఊళ్లలో అరుదైన సంగతులేమీ కావు. వీటిలో చాలావరకు అక్కడికక్కడే తేలిపోతాయి. ‘లేబర్ వదిలేస్తాను, సామాను మీరు తెచ్చుకోండి’ అని మెకానిక్ అంటాడు. ఏళ్లుగా తెలిసిన మనిషి కదా అని యజమాని సర్దుకుంటాడు. నష్టం వందల్లో ఉన్నంతవరకు ఈ సర్దుబాటు మంచిదే. అది ఇరవై వేలు, ముప్పై వేలు అయినప్పుడు మాత్రం షాపుకు బీమా ఉందా అన్న ప్రశ్న మొదటిసారి తలెత్తుతుంది, లేదన్న జవాబు వినగానే చాలామంది తమకు ఇక రావాల్సిందేమీ లేదనుకుని ఊరుకుంటారు. నిజానికి బీమా ఉంటే డబ్బు ఎక్కడి నుంచి రావాలో తేలుతుంది తప్ప, అది లేనంత మాత్రాన బాధ్యత ఎవరిదన్నది మారదు. కాకపోతే బాధ్యత ఉన్నా దాన్ని తీర్చే స్తోమత లేనివాడి మీద చట్టం ఇచ్చే హక్కు చాలావరకు కాగితానికే పరిమితమవుతుంది. చిన్న షెడ్లకు అందుబాటులో ఉండే సామూహిక బీమా వస్తే తప్ప ఈ చిక్కు వీడదని నా అభిప్రాయం.

ముందు చట్టం సంగతి చూద్దాం. తాళం మెకానిక్ చేతికిచ్చిన క్షణం నుంచి ఆ ఇద్దరి మధ్య ఉన్నది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం బెయిల్‌మెంట్ అని పిలిచే సంబంధం. ఒక పని కోసం మన వస్తువును మరొకరికి అప్పగించి, పని పూర్తయ్యాక తిరిగి తీసుకునే ఏర్పాటు అది. రాతకోతలు లేకపోయినా ఈ సంబంధం ఏర్పడుతుంది. అప్పగించిన వస్తువును, అలాంటి పరిస్థితుల్లో మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని సెక్షన్ 151 చెబుతుంది. ఆ జాగ్రత్త తీసుకుని ఉంటే నష్టం జరిగినా మెకానిక్‌కు బాధ్యత ఉండదని సెక్షన్ 152 అతనికీ రక్షణ ఇస్తుంది. ఈ రెండింటి మధ్య నిర్ణాయకమైన అంశం ఒకటుంది. బండి మంచి స్థితిలో షెడ్డుకు వెళ్లిందని, దెబ్బతిని తిరిగొచ్చిందని యజమాని చూపిస్తే, తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోవాల్సిన భారం మెకానిక్ మీదే పడుతుంది. షట్టర్ వెనక ఏం జరిగిందో యజమానికి తెలిసే అవకాశం లేదు గనుక ఇది న్యాయమే.

సెక్షన్ 154 ఇంకా గట్టిది, దాని గురించి తెలిసినవారు తక్కువ. అప్పగించిన పనికి కాకుండా వేరే అవసరానికి వస్తువును వాడుకుంటే, ఆ వాడకంలో జరిగిన నష్టానికి అజాగ్రత్త ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే. టీ తేవడానికి, స్పేర్ పార్టుల షాపుకు, మధ్యాహ్నం భోజనానికి కస్టమర్ బండి మీద వెళ్లడం మన షెడ్లలో రోజూ కనిపించే దృశ్యం. బ్రేకు సరిచేసి దాన్ని పరీక్షించడానికి వీధి చివరిదాకా వెళ్లి రావడం సర్వీసింగ్‌లో భాగం. వేరే బండికి క్లచ్ ప్లేట్లు కొనుక్కురావడానికి మన బండిని వాడటం కాదు. రెండో సందర్భంలో ఎదుటివాడే వచ్చి గుద్దాడన్న సమాధానం మెకానిక్‌ను కాపాడదు.

‘వాహనాలు ఓనర్స్ రిస్క్ మీదనే ఉంచబడును’ అన్న బోర్డు, జాబ్ కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అదే అర్థమున్న వాక్యం చాలామందిని ముందే నిరుత్సాహపరుస్తాయి. దీనికి సంబంధించి 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పును గుర్తుచేసుకోవాలి. 1998లో ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు వచ్చిన అతిథి తన మారుతి జెన్ కారు తాళాలను పార్కింగ్ కోసం హోటల్ సిబ్బందికి ఇచ్చారు, ఆ కారు అక్కడి నుంచి చోరీ అయింది. పార్కింగ్ టోకెన్ మీద యజమాని బాధ్యతపైనే అన్న షరతు ఉంది. కారు తమ ఆధీనంలోకి వచ్చాక అది ఎలా పోయిందో వివరించాల్సింది హోటలేనని, తన అజాగ్రత్త నుంచి, తన సిబ్బంది అజాగ్రత్త నుంచి అలాంటి షరతు అడ్డం పెట్టుకుని తప్పించుకోలేదని కోర్టు తేల్చింది. అది హోటల్ పార్కింగ్ వ్యవహారమే అయినా, దాని వెనక ఉన్నది పైన చెప్పిన బెయిల్‌మెంట్ సూత్రమే గనుక మెకానిక్ షెడ్డు గోడ మీది బోర్డుకు కూడా ఆ తర్కం వర్తిస్తుందని వాదించడానికి బలమైన ఆధారం ఉన్నట్టే.

ఇక నిరూపణ దగ్గరికి వస్తే, బండి కింద పడ్డ కేసు సులువు. సొట్ట కంటికి కనబడుతుంది. పనితనంలో జరిగిన తప్పు అలా కాదు. ఇంజిన్ కింద ఉండే ఆయిల్ డ్రెయిన్ బోల్టునే తీసుకోండి. బోల్టు ఇనుముది, అది బిగిసే ఇంజిన్ కేసు అల్యూమినియంది. కంపెనీ మాన్యువల్‌లో ఆ బోల్టును ఎంత బలంతో బిగించాలో రాసి ఉంటుంది, దాన్ని కొలిచే టార్క్ రెంచి మాత్రం మన షెడ్లలో అరుదు. ఎక్కువ బిగిస్తే కేసులోని త్రెడ్ పోతుంది. పాత వాషరే మళ్లీ వేస్తే సన్నగా కారడం మొదలవుతుంది. వంద, నూట పాతిక సీసీ బండ్లలో పట్టే ఆయిలే లీటరుకు అటూ ఇటూ. చుక్కచుక్కగా కారి అందులో సగం పోయినా నడిపేవారికి తెలియదు. వందల కిలోమీటర్లు తిరిగాక పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు షెడ్డుకు వెళితే ‘బండి పాతది, ఇంజిన్ ఎప్పుడో అరిగిపోయింది’ అన్న మాటే వినిపిస్తుంది. ఆ మాట అబద్ధమని తేల్చాలంటే ఇంజిన్ విప్పకముందే డ్రెయిన్ బోల్టు చుట్టూ ఉన్న ఆయిల్ మరకలను ఫొటో తీయాలి, మరో మెకానిక్ దగ్గరో అధీకృత సర్వీస్ సెంటర్‌లోనో పరీక్ష చేయించి రాతపూర్వకంగా కారణం రాయించుకోవాలి. మనం సాధారణంగా చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కోపంలో అదే షెడ్డుకు బండి తోయించి, ఇంజిన్ అక్కడే విప్పిస్తాం. విప్పిన తర్వాత సాక్ష్యం మిగలదు.

2020 ఏప్రిల్ నుంచి, పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 ప్రమాణాలతో వచ్చిన బండ్లతో ఈ ఇబ్బంది మరింత పెరిగింది. ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సర్లు, కంట్రోల్ యూనిట్ ఉన్న బండిని పాత కార్బురేటర్ బండిలాగే ప్రెషర్ వాటర్‌తో కడిగితే, కనెక్టర్లలోకి నీళ్లు చేరి వచ్చే సమస్య వారం తర్వాత బయటపడవచ్చు. దానికి కారణం ఆనాటి వాటర్ వాషేనని ఎవరు తేల్చగలరు?

షాపుకు బీమా లేకపోతేనేం, నా బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేవారు తమ పాలసీని ఒకసారి తీసి చదవాలి. మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది, మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి అయింది. దానితోపాటు సొంత నష్టానికి ఏడాది కవరేజీ మాత్రమే తీసుకుని, గడువు ముగిశాక పొడిగించుకోనివారు చాలామంది ఉంటారు. చేతిలోని కాగితం మీద ఐదేళ్ల గడువు కనిపిస్తూనే ఉంటుంది గనుక బండికి ఇన్సూరెన్స్ ఉందనే అనుకుంటారు. షెడ్డులో బండి పడి విరిగితే ఆ పాలసీ పైసా ఇవ్వదు.

సొంత నష్టం కవరేజీ ఉన్నా చిక్కులు తప్పవు. యాంత్రిక, విద్యుత్ లోపాలను ప్రామాణిక పాలసీ మినహాయిస్తుంది గనుక పైన చెప్పిన ఇంజిన్ కేసు అసలు లెక్కలోకే రాదు. బండి పడినప్పుడు ఎక్కువగా విరిగేవి హెడ్‌లైట్ డూమ్, ఇండికేటర్లు, సైడ్ ప్యానెళ్లు. ఇవన్నీ ప్లాస్టిక్. అరుగుదల పేరిట కోత లేకుండా చేసే ‘జీరో డిప్రిసియేషన్’ అదనపు కవరేజీ తీసుకోకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో 50 శాతం కోత పడుతుంది. క్లెయిమ్ చేస్తే, క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) పోతుంది. ట్రయల్‌కు వెళ్లినవాడికి లైసెన్సు లేకపోతే క్లెయిమే నిలవదు. వీటికి తోడు, మోటార్ ట్రేడ్‌కు, అంటే బండ్ల అమ్మకం, మరమ్మతు వ్యాపారానికి సంబంధించిన వాడకాన్ని మినహాయించే వాక్యం మన పాలసీ షెడ్యూల్‌లో ఉంటుంది. మెకానిక్ చేతిలో ఉండగా జరిగిన ప్రమాదానికి బీమా కంపెనీ దాన్ని అడ్డంగా చూపే వీలుంది. అన్నీ దాటి డబ్బు వచ్చినా, మెకానిక్ తప్పుకు యజమాని తన ప్రీమియంతో మూల్యం చెల్లించినట్టవుతుంది.

ట్రయల్‌లో బండి దారిన పోయేవారిని గుద్దితే విషయం ఇంకా తీవ్రం. గోవా నుంచి వచ్చిన గురు గోవేకర్ కేసులో, మరమ్మతుకు ఇచ్చిన వాహనం వల్ల మూడో వ్యక్తికి హాని జరిగినా యజమాని తీసుకున్న థర్డ్ పార్టీ బీమా కంపెనీ పరిహారం చెల్లించాల్సిందేనని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుల వైపు నుంచి అది మంచి తీర్పు. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే మాత్రం బీమా కంపెనీ ముందు చెల్లించి, తర్వాత ఆ సొమ్ము కోసం యజమాని వెంటపడే ప్రమాదం ఉంది.

నష్టపోయినవారికి జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తాను నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకుముందే 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి రాజీకి ప్రయత్నించవచ్చు. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం అనుచిత వ్యాపార విధానంగా పరిగణిస్తుంది. ఆదేశాన్ని పాటించనివారికి జైలు, జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ అద్దె షట్టర్‌లో నాలుగు పానాలు, ఒక కంప్రెసర్‌తో బతుకుతున్న మనిషిని 40 వేల కోసం జైలుకు పంపాలని ఎంతమంది కోరుకుంటారు? పంపినా డబ్బు వస్తుందా? మూడు, నాలుగు వందల కూలి తీసుకుని లక్ష రూపాయల బండి బాధ్యతను నెత్తిన పెట్టుకోవడం మెకానిక్‌కు కూడా అన్యాయమే. ఒక్క అగ్నిప్రమాదంలో షెడ్డులోని ఆరు బండ్లు కాలిపోతే అతను జన్మలో కోలుకోలేడు. అందుకే ఈ విషయాన్ని కస్టమర్‌కూ మెకానిక్‌కూ మధ్య తగాదాగా చూడటం నాకు సమ్మతం కాదు.

మోటారు వ్యాపారంలో ఉన్నవారికి ప్రత్యేక పాలసీలు మనకు కొత్త కాదు. రోడ్డు మీద నడిపేటప్పటి ముప్పుకు ఒకటి, షాపు ఆవరణలో జరిగే నష్టానికి మరొకటి మోటారు బీమా నిబంధనల సంపుటి అయిన 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లోనే ఉన్నాయి. అవి డీలర్ల స్థాయి వ్యాపారానికి తగ్గట్టు ఉన్నాయి గానీ వీధి షెడ్డుకు కాదు, వాటిని తీసుకోవాలని మెకానిక్‌ను నిర్బంధించే చట్టమూ లేదు. ఒంటరి మెకానిక్ బీమా ఆఫీసుకు వెళ్లి అలాంటి పాలసీ అడగడం జరిగే పని కాదు. సంఘం అడిగితే జరుగుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల, జిల్లా కేంద్రాల్లో మెకానిక్‌ల సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. చందాలు వసూలు చేస్తాయి, సెలవు రోజులు నిర్ణయిస్తాయి, సభ్యుడు చనిపోతే కుటుంబానికి సాయం చేస్తాయి. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన, పెద్ద సమూహాన్ని కలిపితే చిన్న ప్రీమియం కూడా సరిపోతుందని చూపింది. ఆస్తి నష్టం బీమా అంత చౌకగా రాదు, నిజమే. అయినా ఒక జిల్లా సంఘం మొత్తానికి ఒకే పాలసీ తీసుకుని, సర్వీసింగ్ బిల్లు మీద ఐదో పదో కలిపితే చాలామంది కస్టమర్లు అభ్యంతరపెట్టరని నా నమ్మకం.

ఇక్కడ ఒక పరిమితిని దాచకూడదు. పడటం, కాలడం, చోరీ, ట్రయల్ ప్రమాదం లాంటి వాటికే ఇలాంటి పాలసీలు సాధారణంగా వర్తిస్తాయి. నాసిరకం పనితనం వల్ల ఆ పని చేసిన భాగానికే జరిగిన నష్టాన్ని మినహాయిస్తాయి. అంటే డ్రెయిన్ బోల్టు కేసు బీమా ఉన్నా మిగిలే ఉంటుంది. దానికి సంఘం నడిపే చిన్న నిధి, ఇద్దరు సీనియర్ మెకానిక్‌లు బండి చూసి కారణం తేల్చే ఏర్పాటు కావాలి. త్రెడ్ ఎప్పుడు పోయిందో చేయి తిరిగిన మెకానిక్ చెప్పగలిగినంత కచ్చితంగా మరెవరూ చెప్పలేరు.

మున్సిపాలిటీలు ట్రేడ్ లైసెన్సుకు ఈ బీమాను రేపే తప్పనిసరి చేయాలని నేను అనను. అలా చేస్తే చిన్న షెడ్లు మూతపడి, పెద్ద సర్వీస్ సెంటర్ల వాళ్లు చెప్పిందే రేటవుతుంది. ఇంటికి మెకానిక్‌ను పంపే యాప్‌ల నుంచి, పదిమందికి పైగా పనివాళ్లున్న వర్క్‌షాపుల నుంచి మొదలుపెట్టి, సంఘాల పాలసీలు నిలదొక్కుకున్నాక చిన్నవారిని అందులోకి తేవచ్చు. ఈలోగా బండి అప్పగించేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్, ఉన్న గీతలు, చెప్పిన పనులు రాసిన చీటీ ఒకటి, దాని మీద ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. ఫోన్‌లో చుట్టూ తీసిన ఒక వీడియో అయినా ఫరవాలేదు. అప్పగించినప్పుడే ఉన్న సొట్టను తన మీద వేస్తే, మెకానిక్‌ను కూడా కాపాడేది ఆ చీటీయే. ఇక సంఘాల పాలసీ వచ్చిన రోజున అందులో మొదట రాయాల్సిన షరతు, లైసెన్సు లేనివారి చేతికి కస్టమర్ బండి తాళం ఇవ్వకూడదన్నది.