ఆయాసాన్ని మాత్రల ఖాతాలో వేయొద్దు

ఎండోమెట్రియోసిస్‌కు హార్మోన్ మాత్రలు వాడుతున్న ముప్పై ఏళ్ల మహిళ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చెబితే, మందు పడలేదనో, రక్తం తక్కువగా ఉందనో, ఆందోళన ఎక్కువైందనో చెప్పి పంపేయడం మన ఆస్పత్రుల్లో మామూలే. చాలాసార్లు అది నిజమే కావచ్చు కూడా. అయితే అలా వచ్చినవారిలో బహు కొద్దిమందికి, ఊపిరితిత్తులను లోలోపలే తొలిచేసే లింఫాంజియోలియోమయోమాటోసిస్ అనే అరుదైన జబ్బు అప్పుడే బయటపడుతూ ఉండవచ్చు. వైద్యులు క్లుప్తంగా లామ్ అని పిలిచే ఈ వ్యాధి దాదాపుగా స్త్రీలకే, అందులోనూ ఎక్కువగా సంతానవయసులో ఉన్నవారికే వస్తుంది. హార్మోన్ చికిత్స తీసుకునేదీ ఆ వయసువారే గనుక రెండూ ఒకే మనిషిలో తారసపడే అవకాశాన్ని స్త్రీవైద్య నిపుణులు మనసులో ఉంచుకోవాలని ఈ పత్రిక కోరుతోంది.

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానవయసు స్త్రీలలో సుమారు 10 శాతం మంది, అంటే దాదాపు 19 కోట్ల మంది దీనితో బాధపడుతున్నారు. నెలసరి నొప్పి ఆడవాళ్లకు సహజమేనంటూ ఇంట్లోనూ ఆస్పత్రిలోనూ కొట్టిపారేయడం వల్ల జబ్బు పేరు తెలియడానికే ఏళ్లు పడుతుంది. తెలిశాక డైనోజెస్ట్ వంటి ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ అనే స్త్రీ హార్మోన్‌ను పోలిన మందు) మాత్రలు, ఈస్ట్రోజన్ కూడా కలిసిన గర్భనిరోధక మాత్రలు, అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే లూప్రొలైడ్ వంటి ఇంజెక్షన్లు ఇస్తారు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే వైద్యమిది.

లామ్ కథ వేరు. టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 అనే జన్యువుల్లో, ముఖ్యంగా రెండోదానిలో, లోపం ఏర్పడినప్పుడు నునుపు కండరాన్ని పోలిన కణాలు అదుపు తప్పి పెరిగి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అవి చేరిన చోటల్లా కణజాలం కరిగి, పలుచని గోడల గాలితిత్తులు ఏర్పడతాయి. తిత్తి పగిలితే గాలి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. న్యూమోథొరాక్స్ అనే ఈ పరిస్థితితోనే చాలామందిలో వ్యాధి తొలిసారి బయటపడుతుంది. కొందరికి ఛాతీలో పాలవంటి ద్రవం చేరుతుంది, కొందరికి మూత్రపిండాల్లో కొవ్వుతో కూడిన కణితులు కనిపిస్తాయి. ఈ కణాల మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ అనే స్త్రీ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు ఉంటాయి. గర్భిణిగా ఉన్నప్పుడు వ్యాధి ముదరడం, ఈస్ట్రోజన్ వాడుతున్నవారిలో లక్షణాలు తీవ్రం కావడం వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే లామ్ ఉందని తెలిసినవారికి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు ఇవ్వవద్దని నిపుణులు చెబుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎండోమెట్రియోసిస్‌కు ఇచ్చే హార్మోన్లే లామ్‌ను పుట్టిస్తాయనడానికి రుజువు లేదు. చికిత్స జరుగుతుండగా కనిపించిన జబ్బు చికిత్స వల్లే వచ్చిందనుకోవడం ఎంత తేలికో అంత ప్రమాదం. ఎప్పటినుంచో నిశ్శబ్దంగా ఉన్న వ్యాధి అప్పుడే గుర్తింపునకు వచ్చి ఉండవచ్చు. పైగా ఈస్ట్రోజన్ ఉన్న మాత్రనూ, ఈస్ట్రోజన్‌ను తగ్గించే ఇంజెక్షన్‌నూ ఒకే గాటన కట్టడం అశాస్త్రీయం. ఒకప్పుడు లామ్‌కు ప్రొజెస్టరాన్ ఇవ్వడం, అండాశయాలు తీసివేయడం కూడా చికిత్సగా చేశారు. ఫలితం ఉందనడానికి ఆధారాలు చాలకపోవడంతో అమెరికా, జపాన్ శ్వాసకోశ వైద్య సంఘాల ఉమ్మడి మార్గదర్శకాలు హార్మోన్ చికిత్సను లామ్‌కు మందుగా వాడవద్దనే సూచించాయి. కాబట్టి ఇది చదివి ఎవరూ తమ మాత్రలను తమంతట తాము ఆపేయకూడదు. ఆపాలో, మార్చాలో, కొనసాగించాలో ఊపిరితిత్తులను పరీక్షించిన తర్వాత వైద్యులు తేల్చాల్సిన విషయం.

చిక్కు అసలు రోగనిర్ధారణలోనే ఉంది. ఎండోమెట్రియోసిస్ కణజాలం ఛాతీలోకి కూడా చేరి న్యూమోథొరాక్స్‌ను కలిగించగలదు. అది ఎక్కువగా కుడివైపునే, నెలసరి మొదలైన 72 గంటల లోపు వస్తుంటుంది. ఈ సంగతి తెలిసిన వైద్యుడు రోగి చరిత్ర చూడగానే ఆ నిర్ణయానికి రావడం, తెలియని వైద్యుడు ఉబ్బసమని ఇన్‌హేలర్ రాయడం, ఛాతీలో నీరు కనిపిస్తే క్షయ అధికంగా ఉన్న మన దేశంలో అనుమానం ముందుగా టీబీ మీదికే వెళ్లడం సహజం. మూడు దారుల్లోనూ లామ్ తప్పించుకుంటుంది. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. తిత్తులను పట్టిచ్చేది హై రిజల్యూషన్ సీటీ స్కాన్. దానితో పాటు రక్తంలో వీఈజీఎఫ్-డి అనే ప్రొటీన్ మిల్లీలీటరుకు 800 పికోగ్రాములు లేదా అంతకు మించి ఉందని తేలితే చాలామందికి బయాప్సీ అవసరం కూడా తప్పుతుంది. ఇక ఆయాసం హఠాత్తుగా వచ్చిందంటే, ముఖ్యంగా ఈస్ట్రోజన్ మాత్రలు వాడుతున్నవారిలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందేమో చూడటం అన్నిటికంటే ముందు పని. లామ్ కన్నా అదే ఎక్కువ, అదే ప్రాణాంతకం.

అరుదైన జబ్బు కనిపెట్టి మాత్రం ఏం లాభం అని నిట్టూర్చే కాలం పోయింది. 2011లో వెలువడిన అధ్యయనంలో 89 మంది లామ్ రోగులను రెండు జట్లుగా చేసి ఏడాది పాటు పరిశీలించగా, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి శ్వాస సామర్థ్యం నెలకు సుమారు 12 మిల్లీలీటర్ల చొప్పున పడిపోయింది, సిరోలిమస్ అనే మందు తీసుకున్నవారిలో దాదాపు నిలకడగా ఉంది. మందు ఆపితే క్షీణత తిరిగి మొదలైంది. అంటే ఇది వ్యాధిని పోగొట్టే మందు కాదు, నిలువరించే మందు. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని లామ్‌కు ఆమోదించింది. ఈస్టర్ ద్వీపపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఈ ఔషధాన్ని వెలికితీసిన బృందానికి నాయకుడు భారత సంతతి శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహగల్ కావడం మనవాళ్లలో ఎందరికి తెలుసో. మూత్రపిండ మార్పిడి రోగుల కోసం ఈ మందు మన దేశంలో ఇప్పటికే వాడుకలో ఉంది. పోయిన ఊపిరితిత్తిని ఏ మందూ తిరిగి తేలేదు గనుక ఎంత త్వరగా పసిగడితే అంత మిగులుతుంది.

వ్యవస్థ లేదని కూడా అనలేం. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల, పరిశోధనల కేంద్రం), నిమ్స్ ఆస్పత్రి కలిసి ఒక విశిష్ట కేంద్రంగా గుర్తింపు పొందాయి. మందుల దుష్ప్రభావాలపై అనుమానం వస్తే వైద్యులే కాక రోగులు కూడా ఔషధ భద్రతా కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024కు తెలియజేయవచ్చు. లోపమల్లా ఒక విభాగానికీ మరో విభాగానికీ మధ్యనే ఉంది. స్త్రీవైద్యురాలు రాసిన మాత్రల సంగతి ఛాతీ వైద్యుడు అడగడు, ఛాతీ వైద్యుడు చూసిన తిత్తుల సంగతి స్త్రీవైద్యురాలికి చేరదు. తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ముందు బోధనాసుపత్రులతో మొదలుపెట్టి, ఎండోమెట్రియోసిస్‌కు హార్మోన్ చికిత్స ప్రారంభించే ప్రతి రోగినీ ఆయాసం, ఛాతీనొప్పి, గతంలో ఊపిరితిత్తి కుంచించుకుపోవడం గురించి ప్రశ్నించి కేసు షీటులో రాయడాన్ని తప్పనిసరి చేయాలి. కారణం తేలని ఆయాసం కొనసాగుతున్నవారిని సీటీ స్కాన్‌కు పంపి, తిత్తులు కనిపించినవారిని నిమ్స్ వంటి కేంద్రానికి చేర్చే బాధ్యత ఎవరిదో ఉత్తర్వులోనే పేర్కొనాలి.