గుడారాల రాజధాని, భానుమతి మెగాఫోన్

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. అదే ఏడాది భానుమతి ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో తీశారు. తెలుగులో మెగాఫోన్ పట్టిన తొలి మహిళ ఆమే. కొత్త రాష్ట్రం ఆడవాళ్లకు తలుపులు తీసిందని రాసుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆ సినిమా తీసింది సొంత భరణీ సంస్థ. సర్కారు మారినందుకు ఆమెకు ఒరిగిందేమీ లేదు.

44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్‌కెక్కిన విజయనిర్మలకూ సొంతింటి బ్యానర్ అండ ఉంది. ఇండస్ట్రీలో స్త్రీవాదం గురించి మాట్లాడేటప్పుడు నేను మొదట చూసేది పెట్టుబడి ఎవరిదన్నదే. భావజాలం సంగతి తర్వాత.

మన సీమ సంగతి మరీ చిత్రం. తాడిపత్రిలో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ, నాటకాల్లో స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టారు. బి.ఎన్.రెడ్డి, కె.వి.రెడ్డి లాంటి దర్శకులనిచ్చిన నేల ఇది. ప్రొద్దుటూరు నుంచి శాంతకుమారి నటిగా వెళ్లారు. దర్శకురాలి పేరు చెప్పమంటే మాత్రం తడుముకోవాల్సిందే.

అందుకే కాబోలు, 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక వరసకట్టిన ఫ్యాక్షన్ సినిమాల్లో సీమ ఆడది శవం మీద పడి ఏడుస్తుంది, లేదంటే కొడుకు చేతికి కత్తిస్తుంది. అసలు కథ దినకర్మలయ్యాక మొదలవుతుంది. కేసు వాయిదాకు పొద్దున్నే బస్సెక్కాలి. సాక్షి ఎదురు తిరిగితే మళ్లీ వకీలు ఫీజు వెతుక్కోవాలి. వానల్లేక వేరుశనగ ఎండినా బ్యాంకు అప్పు ఆగదు. కొడుకు పగ తలకెక్కించుకోకుండా దూరంగా హాస్టల్లో వేసి చదివించే తల్లులున్నారు. ఆ తల్లికి మన కమర్షియల్ సినిమాలో రెండు సీన్లు దక్కితే గొప్ప.

స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకు వచ్చాయి. సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చునే ఊళ్లున్నా, కనీసం కుర్చీ ఆమె పేరున ఉంది. సినిమాలో అదీ లేదు. రాయితీలిచ్చేటప్పుడు ప్రభుత్వం మొదటి సినిమా తీసే అమ్మాయిలకంటూ కొంత డబ్బు విడిగా పెట్టాలి. ఆ డబ్బుతో వాళ్లు గొప్ప స్త్రీవాద సినిమాలే తీస్తారన్న గ్యారంటీ లేదు. సుమోలే గాల్లోకి లేపుతారేమో. లేపనీ. మగాళ్లు పాతికేళ్లుగా లేపుతుంటే ఎవరూ లెక్క అడగలేదు.