చంకలో బిడ్డతో అమెరికా: లెక్క ఎక్కడ తప్పుతోంది?

"బాబుకి రెండేళ్లు నిండకముందే వెళ్లి వచ్చేయండి, టికెట్ కలిసొస్తుంది." న్యూజెర్సీలో ఉన్న అక్క దగ్గరికి వెళ్దామనుకున్నామని చెప్పగానే విశాఖ ఎంవీపీ కాలనీలో మాకు తెలిసినవాళ్లందరూ ఇదే మాట అన్నారు. మేమూ నమ్మాం. అప్పటికి పాపకి నాలుగేళ్లు, బాబుకి ఇరవై నెలలు.

లెక్క పైకి సరిగ్గానే కనిపిస్తుంది. రెండేళ్లలోపు పిల్లలకు అంతర్జాతీయ విమానాల్లో మామూలుగా పెద్దవాళ్ల టికెట్‌లో పదో వంతే తీసుకుంటారు. కానీ ఆ ధరకు సీటు ఉండదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ముందు వరుసలో ఇచ్చే ఉయ్యాల చాలా విమానాల్లో పది, పదకొండు కిలోల వరకే. ఇరవై నెలల పిల్లాడు అందులో పట్టడు, అలాగని కుదురుగా ఒళ్లోనూ ఉండడు. అంటే టికెట్ చవగ్గా వచ్చే ఆ చివరి నెలలే ప్రయాణానికి అన్నిటికంటే కష్టమైనవి. పైగా అక్కడుండగా రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే.

విశాఖవాళ్లకు ఇంకో బరువు కూడా ఉంది. ఇక్కడి నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగాలి, చాలాసార్లు ఆ పైన ఇంకో దేశంలో మారాలి. నిద్రలోకి జారుకున్న పిల్లాణ్ణి లేపి భుజాన వేసుకుని సెక్యూరిటీ లైన్లో నిలబడటం ఒక్కసారితో అయ్యే పని కాదు.

కాగితాల పని చెప్పనక్కర్లేదు. పొత్తిళ్లలో బిడ్డకైనా విజిటర్ వీసా ఫీజు పెద్దవాళ్లంతే, 185 డాలర్లు. మేం వెళ్లినప్పుడు చిన్నపిల్లలకు ఇంటర్వ్యూ ఉండేది కాదు. 2025 సెప్టెంబరు నుంచి 14 ఏళ్లలోపు వాళ్లూ సాధారణంగా కాన్సులేట్‌కు రావాల్సిందే. మన ప్రాంతానికి అమెరికా కాన్సులేట్ హైదరాబాద్‌లో, అంటే పిల్లలతో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది, వీసా మాత్రం పదేళ్లకు కూడా ఇస్తారు. కాబట్టి వీసా ఉన్న పాత పాస్‌పోర్టు పారేయకండి.

ఇవన్నీ ఓపికుంటే గట్టెక్కేవే. నాకు అసలు పొరపాటనిపించింది అక్కడికి చేరాక మనం వేసుకునే ప్లాన్. మూడు వారాల సెలవు, ఇంత ఖర్చు పెట్టి వచ్చాం కదా అని నయాగరా, వాషింగ్టన్, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి, డల్లాస్‌లో చిన్నాన్న కొడుకు... చుట్టాల్లో ఒక్కరిని వదిలేసినా మాటొస్తుంది. చివరికి పిల్లలు ఎక్కువసేపు చూసేది కారు సీటు వెనక భాగం. మా పెట్టె కూడా అలాగే సర్దాం. అందరికీ పంచడానికి నాలుగు కిలోల మాడుగుల హల్వాకి చోటు దొరికింది, డైపర్లకి దొరకలేదు!

"ఆ వయసులో పిల్లలకేం గుర్తుంటుంది, డబ్బు దండగ" అనేవాళ్ల మాటతోనూ నేను ఏకీభవించను. నయాగరా గుర్తుండదు, నిజమే. దానికోసం వెళ్లలేదు కదా. మా పాపకి పెద్దమ్మ అంటే ఆదివారం ఫోన్లో కనిపించే ముఖం. ఎయిర్‌పోర్టులో అక్క చేతులు చాస్తే నా చున్నీ వెనక దాక్కుంది. ఇంటికెళ్లాక అక్క పక్కనే సోఫాలో కూర్చుని, "అమ్మా, ఫోన్ పెద్దమ్మకి కాల్ చెయ్యి" అంది. అక్క నవ్వింది కానీ, వెంటనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత నయాగరా బుకింగ్ రద్దు చేశాం. పిల్లల నిద్ర గాడిలో పడలేదు. వేసవిలో న్యూజెర్సీకీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా. అక్కడ రాత్రి రెండంటే ఇక్కడ పగలు పదకొండున్నర, పాపకి ఆకలేసే వేళ. మొదటి రాత్రి నేనే లేచి తిప్పలు పడ్డాను. రెండో రాత్రి పాప ఏడుపు విని అక్క వచ్చింది. దాన్ని వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, పెరుగన్నం కలిపి, బీచ్ రోడ్డులో మా నాన్న మమ్మల్ని స్కూటర్ మీద తిప్పిన కబుర్లు చెబుతూ తినిపించింది. మర్నాడు ఆఫీసుందని అక్క అనలేదు, నేను అడగలేదు.

నాలుగో రాత్రి నాకు మెలకువ వచ్చేసరికి పాప పక్కలో లేదు. వంటింట్లో లైటు వెలుగుతోంది.